ఆడరానివాడికి నేల ఓడు

ముందే చెప్పేస్తున్నాను. ఒక మంచి నాట్యాన్ని ఒక కర్రతో, ఒక సుద్దముక్కతో, ఇరవై నాలుగు చెక్క దిమ్మలతో నేను ఎలా సర్వనాశనం చేయబోయానో చెప్పే కథ ఇది. నాశనం పూర్తిగా జరగలేదంటే అందులో నా గొప్పేమీ లేదు. జరిగినంత మటుకు నాదే, ఎవరికీ వాటా ఇవ్వను.

"నువ్వేంది, బ్యాలే ఏంది?" అని నవ్వేవాళ్ళు మా కాలనీలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ మీద నా కోపం ముప్పై ఏళ్ళుగా ఆరలేదు. మూసేసిన పాత గనిలో అంటుకున్న బొగ్గులా లోలోపల రాజుకుంటూనే ఉంది. ఏడో తరగతితో బడి మానేసి బొగ్గు బాయి దిగినవాడికి కళ్ళుండవా? మా యూనియన్ ఆఫీసు వెనక గదిలో విదేశీ పత్రికలు కట్టలు కట్టలుగా వచ్చి పడేవి. కాగితం నున్నగా ఉంటుందని పిల్లల పుస్తకాలకు అట్టలు వేయడానికి అందరూ తీసుకుపోయేవారు. అబద్ధమెందుకు, నేనూ అందుకే తీసుకుపోయాను. మా అమ్మాయి లెక్కల పుస్తకానికి అట్ట వేస్తూ కాగితం తిరగేస్తే, దాని మీద ఒక ఆడమనిషి గాలిలో ఉంది. కింద ఏ ఆధారమూ లేదు. మొహంలో కష్టమన్న మాటే లేదు. మేము తట్టెడు బొగ్గు ఎత్తితేనే ముక్కు, మూతి, చెవులు ఒకచోటికి వస్తాయి కదా, ఈమె తన ఒళ్ళు మొత్తం ఎత్తుకుని అంత నిమ్మళంగా ఎలా ఉంది? ఆ కాగితం దాచుకున్నాను. మా అమ్మాయి లెక్కల పుస్తకానికి చివరిదాకా అట్ట లేదు.

అక్కడ మొదలైంది. దొరికిన ప్రతి కాగితం చదివాను. రాని మాటలకు ఇంజనీరు గారి డిక్షనరీ అరువు తెచ్చుకున్నాను. ఎనిమిదేళ్ళ పిల్లలు గోడ పక్కన కొయ్య కడ్డీ పట్టుకుని, ఒకే ఒక్క మోకాలి వంపును ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్నే చేస్తారని తెలిసినప్పుడు, మా బాయిలో పని నేర్పే పద్ధతి తలచుకుని సిగ్గుపడ్డాను. మునివేళ్ళ మీద నిలబెట్టే ఆ చెప్పుల్లో ఇనుప ముక్క ఉంటుందని నా నమ్మకం. కాదట. బట్ట, అట్ట, జిగురు, అంతే. ఒక్క ఆటకే మెత్తబడి పనికిరాకుండా పోతాయట. పెద్ద పెద్ద నాట్య బృందాల గొప్పతనం ముందు ఆడే ఒక్కరిలో లేదనీ, వెనక ఒకే వరుసలో ఒకే వంపులో చెయ్యి చాపి నిలబడే ఇరవై మందిలో ఉందనీ నాకు నేనే తేల్చుకున్నాను. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. టీవీలో పొగ వదిలి, నలుగురు పిల్లల్ని నాలుగు దిక్కులకు గెంతించి దానికి బ్యాలే అని పేరు పెడుతున్నారు. వాళ్ళను ఆ కడ్డీ దగ్గర ఒక్క వారం నిలబెట్టాలి.

ఇంత పాండిత్యంలో ఒక్కటే లోటు. బ్యాలేను ఒక్కసారి కూడా కళ్ళతో చూడలేదు. అన్నీ కాగితం మీది బొమ్మలే. బొమ్మల్లో మనిషి కనిపిస్తుంది, నేల కింద ఏముందో ఎవరు చూపిస్తారు? ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

ఇక నా ఉద్యోగం. బాయిలో నేను సర్దార్‌ని. షిఫ్టు మొదలయ్యే ముందు అందరికంటే ముందుగా లోపలికి పోయి, నెత్తిమీది బండను కర్రతో కొట్టి చూడటం నా పని. 'ఠంగ్' అంటే బండ గట్టిది, మనుషులు రావచ్చు. 'డబ్' అంటే లోపల బోలు, ఎప్పుడైనా ఊడి పడుతుంది. అప్పుడు రెండు కర్రలు గుణకారం గుర్తులా అడ్డంగా కట్టి దారి మూసేయాలి. ఆ అడ్డకర్రలు దాటే మొనగాడు మా బాయిలో పుట్టలేదు, పుట్టినవాడు రెండోసారి దాటలేదు. అంతా బాగుంటే సుద్దతో సంతకం, తారీఖు. ఇరవై ఎనిమిదేళ్ళు ఇదే పని చేసి అలవాటు ఒంట్లోకి దిగింది. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు కూడా వాళ్ళింటి గోడను కొట్టి చూశానని మా ఇంటావిడ అందరికీ చెబుతుంది. అది శుద్ధ అబద్ధం. నేను కొట్టింది తలుపును.

నేను 'డబ్' అన్నచోట చెక్క దిమ్మలు నిలబెట్టేవాడు కొమురయ్య. దిమ్మ నిలబెట్టి, పైన సందులో ఆపుచెక్క దూర్చి, సుత్తితో బిగించి 'డబ్'ను 'ఠంగ్' చేయడంలో వాడికి సాటి లేరు. వాడి బిడ్డ స్వరూప గురుకుల బడిలో చదువుతుండగా, బొంబాయి నుంచి ఒక బ్యాలే బడివాళ్ళు పిల్లల్ని ఎంచుకోవడానికి వచ్చారు. ఫారం నింపింది నేను. కొమురయ్య చేత సంతకం పెట్టించింది నేను. పదకొండేళ్ళ పిల్ల వెళ్ళింది, ఏడేళ్ళు గడిచాయి. ఆ ఏడేళ్ళూ కొమురయ్య నన్ను పొడుస్తూనే ఉన్నాడు.

"అన్నా, బిడ్డను గంతులకు పంపినోడని బస్తీ అంత నవ్వుతున్నది. నువ్వు చెప్తెనే సంతకం పెట్టిన."

"గంతులు కావు తమ్మీ, బ్యాలే."

"గదే, పేరు పెట్టిన గంతులు."

స్వరూప గురువు ఒక ముసలావిడ. ఆవిడకో నియమం ఉంది. ఏ పిల్లయినా మొదటిసారి ఒంటరిగా ఆడేది సొంత ఊళ్ళోనే ఆడాలి. అందుకని పదిహేనేళ్ళ కిందట ఒక లారీ, ఒక బస్సు వేసుకుని ఆ బృందమంతా పినపాక దగ్గరి మా బొగ్గు కాలనీకి వచ్చింది. ఆ వారమే కొమురయ్య తేల్చి చెప్పాడు.

"ఒక్కసారి నా కండ్లతోని చూస్త. మంచిగ అనిపిస్తే మల్ల పంపిస్త. లేకపోతే అటే ఖమ్మం తీస్కపోయి నర్సింగుల చేర్పిస్త. నువ్వు నడుమల మాట్లాడద్దు."

"మాట్లాడ," అన్నాను. మాట్లాడలేదు కూడా. అంతకంటే పెద్ద పని చేశాను.

కమ్యూనిటీ హాల్లో ఉన్న సిమెంటు వేదిక పాన్‌డబ్బా అంత ఉంటుంది. అందుకని వాళ్ళు దాని ముందు సొంత వేదిక పరిచారు. నడుమెత్తు ఇనుప కాళ్ళు, వాటి మీద అడ్డదిడ్డంగా బద్దలు, ఆపైన పలకలు, అన్నిటికీ పైన నల్లటి రబ్బరు పట్టా. ముందువైపు నల్లగుడ్డ వేలాడదీశారు. రాత్రికి అతిథిగృహంలో పడుకుని, తెల్లారి అందరూ రాములవారినీ గోదావరినీ చూడటానికి భద్రాచలం వెళ్ళారు. హాలు తాళం కల్చరల్ కమిటీ కార్యదర్శినైన నా దగ్గర ఉంది.

ఇంట్లోంచి కర్ర తీసుకుని బయలుదేరుతుంటే మా ఇంటావిడ అడ్డం తగిలింది.

"ఇయ్యాల సెలవేనాయె. కర్రెందుకు?"

"చెయ్యి ఉత్తగుండది."

"నెత్తి ఉత్తగున్నా పర్వాలేదు గని, చెయ్యి ఉత్తగుండద్దు," అంది. పెద్దల మాట వినాలంటారు గానీ పెళ్ళాం మాట వినాలని ఎవరూ రాయలేదు. అది రాయని పెద్దల మీద నాకు కోపం.

హాల్లోకి పోయి, ఏళ్ళ తరబడి బొమ్మల్లో చూసిన వేదిక ముందు కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాను. తరవాత కర్రతో కొట్టాను. డబ్.

పక్కన కొట్టాను. డబ్. నాలుగు మూలలా, నడిమధ్యన, అంచుల వెంట కొట్టాను. డబ్, డబ్, డబ్. అంత బోలు నా సర్వీసులోనే వినలేదు. వేదికకు అడ్డంగా రెండు వెదురుకర్రలు కట్టి, కొమురయ్యకు కబురు పంపాను. వాడు వచ్చి ఒక్క దెబ్బ కొట్టి, చెవి ఆనించి విని, నావైపు చూశాడు.

"అన్నా, మొత్తం బోలే. దీని మీదనా నా బిడ్డ ఎగిరేది?"

"అందుకే పిలిచిన."

"వాళ్ళనొక మాట అడిగితే?"

"వాళ్ళు గోదారి కాడున్నరు. అయినా బొంబాయోళ్ళకు బోలు సంగతి ఏం తెలుస్తది తమ్మీ, సముద్రం ఒడ్డు మనుషులు."

ఆ తర్కం అప్పుడు మా ఇద్దరికీ ఉక్కులా కనిపించింది. సామిల్లు నుంచి చెక్కలు తెచ్చాం. నల్లగుడ్డ ఎత్తి, పాక్కుంటూ కిందికి దూరి, ఇరవై నాలుగు దిమ్మలు నిలబెట్టాం. కొమురయ్య ఆ రోజు పని చేసినట్టు బాయిలో కూడా ఎప్పుడూ చేయలేదు. ప్రతి ఆపుచెక్కకూ బిడ్డ పేరు చెప్పినట్టు మెల్లగా, గట్టిగా, మూడు దెబ్బలు. మధ్యాహ్నానికి నేల 'ఠంగ్' అంది. నల్లపట్టా నడిమధ్యన సుద్దతో 'పరీక్షించాను, భద్రం' అని రాసి సంతకం చేసి తారీఖు వేశాను. నల్లదాని మీద తెల్లటి అక్షరాలు, నాకే ముచ్చటేసింది.

మూడింటికి బృందం తిరిగొచ్చింది. ముందు ఆ గురువమ్మ. డెబ్బై ఏళ్ళుంటాయి, ఎండుమిరపకాయలా సన్నగా ఉంది, నుదుట భద్రాచలం కుంకుమ, చేతిలో ఒక కర్ర. ఆ కర్ర చూసి నా ప్రాణం లేచొచ్చింది. నా కర్ర అంతే పొడుగు. స్వరూప నన్ను చూసి "పెద్దబాపూ" అని నవ్వుతూ వేదికెక్కింది. నాలుగడుగులు పరుగెత్తి గాల్లోకి లేచింది. ఆ లేవడం చూసి నేను నోరు తెరిచాను. దిగిన చప్పుడు విని మూశాను. రోకలి పోటులా 'ఠక్' మంది. పిల్ల ముందుకు వంగి ముంగాలు పట్టుకుంది.

"మేడం, ఇది నిన్నటి నేల కాదు," అంది హిందీలో.

గురువమ్మ వేదికెక్కి, మోకాళ్ళ మీద కూర్చుని, తన కర్రతో కొట్టింది. ఠంగ్. మెచ్చుకుంటుందని నేను మొహం సర్దుకుని నిలబడ్డాను.

"ఈ నేలను చంపిందెవరు?" అంది. ఆవిడ హిందీ నాకు బాగానే అర్థమైంది.

"చంపలేదు మేడం, బతికించాం. పొద్దున మొత్తం బోలుగా ఉంది."

"బోలుగానే ఉండాలి. ఎగిరినవాళ్ళు దిగేటప్పుడు అది వేలెడంత వంగాలి, వంగి మళ్ళీ లేవాలి. వంగే నేలకోసమే ఆ లారీ. లేకపోతే మీ సిమెంటు మీదే ఆడించేదాన్ని కదా. మీరెవరు?"

"సర్దార్‌ని. చెవితో విని చెప్పడం నా పని."

ఆవిడ నా సంతకం వైపు చూసింది. నా కర్ర వైపు చూసింది. తన కర్రకేసి కూడా ఒకసారి చూసుకుంది.

"నాదీ అదే పని," అంది. "ఐదింటికల్లా నేల బతకాలి. లేకపోతే ఈ పిల్ల ఆటలో ఎగిరేవన్నీ తీసేస్తాను. కాళ్ళు విరగ్గొట్టుకోవడానికి నేను పిల్లల్ని తేలేదు."

ఎగరడాలు తీసేస్తే ఆ ఆటలో మిగిలేది చేతులూపడం. కొమురయ్య చూసేది అదే. ఆ చేతులు నేరుగా నర్సింగు కాలేజీ వైపు ఊపినట్టే. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందని సామెత. ఆమెకైనా ఒక మద్దెల ఉంది, ఆడాలన్న ఉద్దేశమూ ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క అడుగు వేయని నేను పోయి నేల ఓడు అన్నాను.

"దిమ్మలు పీకు తమ్మీ," అన్నాను.

కొమురయ్య కదల్లేదు. "పీక. బిగించిన దిమ్మ పీకితే ఏమైతదో నీకు నేను చెప్పాల్నా? ఇరవై ఏండ్లు పీకంగ చూసినం ఇద్దరం. పైన నా బిడ్డ ఉంటది."

"బాపూ, అది పడది," అంది స్వరూప. "నిన్న మొన్నటి సంది కాదు, ఏడేండ్లసంది దాని మీదనే ఎగురుతున్న."

"బోలు బోలే బిడ్డా."

గురువమ్మకు మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైనట్టుంది. నన్ను కిందికి పంపి ఒక మూలన నాలుగు దిమ్మలు తీయించింది. కొమురయ్య చెయ్యి పట్టుకుని ఆ మూలకు నడిపించి, ఎగరమని సైగ చేసింది. వాడు నలభై ఎనిమిదేళ్ళవాడు, నలుగురి ముందు ఎగరడమా అన్నట్టు చూశాడు. ఆవిడే ముందు ఎగిరింది, డెబ్బై ఏళ్ళ మనిషి, పిట్టలా. సిగ్గుపడి వాడూ ఎగిరాడు. నేల వంగింది, లేచింది. వాడు కిందికి చూసుకున్నాడు. మళ్ళీ ఎగిరాడు. మూడోసారి ఎవరూ అడక్కుండానే ఎగిరాడు.

"అన్నా, ఇది వంగి మల్ల లేస్తున్నది," అన్నాడు, జీవితంలో మొదటిసారి మంచి వార్త విన్నవాడిలా.

"మరి పీకుదామా?"

"పీకుదాం. గని పద్ధతి ప్రకారం పీకాలె. ముందు మందిని బయటికి పంపు. తలుపుకు అడ్డకర్రలు కట్టు."

కట్టాను. అదింకో తప్పు. ఆట చూడటానికి కాలనీ కాలనీ తరలివచ్చి, తలుపుకు అడ్డకర్రలు చూసి ఆమడ దూరంలో ఆగిపోయింది. బృందం మేనేజరు రమ్మని చేతులూపుతున్నాడు, ఒక్క ప్రాణి కదిలితే ఒట్టు. "సర్దార్ ఇప్పితెనే వస్తం," అంటున్నారు. సర్దారేమో వేదిక కింద పాకుతున్నాడు. చివరికి పాకుతూనే బయటికొచ్చి, కర్రలు విప్పి, తలుపు మీద సుద్దతో సంతకం చేస్తే గానీ జనం లోపలికి రాలేదు. వెంటనే మళ్ళీ కిందికి దూరాను, ఇంకా మూడు దిమ్మలున్నాయి. రెండు వచ్చాయి. మూడోది రాలేదు. నేను తీయలేకపోయానంటే కారణం ఒక్కటే, కొమురయ్య దాన్ని అంత బాగా బిగించాడు.

"అన్నా, నేను పీకుత, జరుగు."

"నువ్వు పో. ముందు వరుసల కూసో. నువ్వు చూడాల్నని వచ్చినవ్, చూడు."

వాడు వెళ్ళాడు. నేను ఆపుచెక్కను కొట్టి కొట్టి ఊడదీసి, దిమ్మను పక్కకు దొర్లించి, అమ్మయ్య అనుకునేసరికి పైన సంగీతం మొదలైంది. వెనకవైపు సిమెంటు వేదిక, రెండు పక్కలా లైట్ల పెట్టెలు. బయటికి దారి ముందువైపే, మూడు వందల మంది ఎదుట. నల్లగుడ్డ కాస్త తొలగి, గురువమ్మ మొహం తలకిందులుగా కనిపించింది.

"ఉన్నచోటే ఉండు. కదలకు. దగ్గకు."

బొగ్గు బాయిలో ముప్పై ఏళ్ళు చేసినవాడిని దగ్గకు అంటే, గోదావరిని పారకు అన్నట్టు. తువ్వాల నోట్లో కుక్కుకున్నాను. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మొదటి బ్యాలే నా నెత్తిమీద మూరెడు దూరంలో జరుగుతోంది. నాకు కనిపించేవి చెక్కలు.

అయితే చెప్తాను వినండి. ఆ చెక్కలను నేను మరిచిపోలేను. పైన పది మంది ఒకే అడుగు వేస్తే, బద్దలన్నీ ఒక్కటిగా వంగి ఒక్కటిగా లేచాయి, పెద్ద జంతువు నిద్రలో ఊపిరి తీసినట్టు. నా బతుకంతా నెత్తిమీది బండ కదిలితే చావే అని నేర్చుకున్నాను. ఇక్కడ నెత్తిమీది కప్పు కదులుతోంది, కదిలినప్పుడల్లా ఎవరో క్షేమంగా దిగుతున్నారు. తరవాత అందరి అడుగులూ ఆగి ఒక్క జత మిగిలింది. స్వరూప అని చెవికి తెలిసింది. పరుగు, పరుగు, ఆపైన ఏ చప్పుడూ లేదు. ఆ చప్పుడు లేని ముక్కలోనే పిల్ల గాలిలో ఉంది. నేను లెక్కల పుస్తకం అట్ట మీద చూసింది అదే. తరవాత మెత్తగా, డబ్.

గుడ్డ సందులోంచి నాకు ముందు వరుస కనిపిస్తోంది. ఆ 'డబ్' వినగానే వరుస వరుసంతా సగం లేచింది, బాయి మనుషులు కదా, కాళ్ళు వాటంతటవే తలుపు వైపు తిరిగాయి. కొమురయ్య మాత్రం లేవలేదు. కళ్ళు వేదిక మీంచి తీయకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"కూసోండ్రి. అది గట్లనే మోగాలె."

అక్కడి నుంచి నేను ఆటను వాడి మొహంలో చూశాను. పిల్ల ఎంత ఎత్తు లేచిందో వాడి గడ్డం లేచినదాన్ని బట్టి తెలిసింది. తిరిగినప్పుడు వాడి కళ్ళు తిరిగాయి. ఒకచోట ఎంతకీ దిగలేదు, వాడు ఊపిరి బిగబట్టి మోకాళ్ళు పట్టుకున్నాడు. దిగింది. వాడి నోరు తెరిచే ఉంది, దాన్ని మూయాలని వాడికి తోచలేదు. సంగీతం ఆగింది. హాలంతా బాయి లోపలిలా నిశ్శబ్దం. చప్పట్లు కొట్టాలని కూడా ఎవరికీ గుర్తులేదు.

ఆ నిశ్శబ్దంలో నేను దగ్గాను.

చిన్న దగ్గు కాదు. ముప్పై ఏళ్ళ బొగ్గు, గంటసేపటి దుమ్ము, కళ్ళల్లోంచి కారి గొంతులోకి దిగిన నీళ్ళు, అన్నీ కలిసి వచ్చిన దగ్గు. బొగ్గు కాలనీలో నేల కింద నుంచి మనిషి దగ్గు వినిపిస్తే జనం ఏం చేస్తారో మీకు చెప్పనక్కర్లేదు. "కింద మనిషున్నడు," అని ఒకడు లేచాడు, అంతే. నాలుగు వరుసలు వేదిక మీదికి ఉరికాయి. గుడ్డ చింపారు, నా రెండు భుజాలు పట్టి బయటికి లాగారు. అదే క్షణంలో స్వరూప వంగి దండం పెడుతోంది. మసి కొట్టుకుపోయి, నోట్లో తువ్వాలతో నేను సరిగ్గా ఆ పిల్ల పాదాల ముందు తేలాను. వెనక వరుసలవాళ్ళు ఇదీ ఆటలో భాగమే అనుకుని చప్పట్లు మొదలుపెట్టారు. తరవాత అవి ఎంతకీ ఆగలేదు. అందులో నా వాటా ఎంతో ఈనాటికీ తేలలేదు.

కొమురయ్య వేదిక దగ్గరికి వచ్చాడు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టాడు. గురువమ్మ వైపు తిరిగి, తనకొచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని, చివరికి తెలుగులోనే చెప్పాడు.

"పిల్ల మీతోటి వస్తది. గీయన్ని మాత్రం తీస్కపోకండ్రి. ఈడనే ఉంచుతం."

స్వరూప ఇప్పుడు సముద్రాల అవతలి వేదికల మీద కూడా ఆడుతోంది. కొత్త వేదిక ఎక్కిన ప్రతిసారీ మడమతో నేలను కొట్టి, ఆ చప్పుడు ఫోనులో నాకు పంపిస్తుంది. "పెద్దబాపూ, బోలేనా?" అని అడుగుతుంది. బోలే తల్లీ, భద్రం, అంటాను. ముందు వరుసలో సీటు పెడతా రమ్మంటుంది. సీటు వద్దు, కింద చోటుంటే చెప్పమంటాను.

ఇక ప్రతిజ్ఞ. రాములవారి సాక్షిగా, గోదావరి సాక్షిగా, మా ఇంటావిడ చూస్తుండగా చెబుతున్నాను. ఎవరైనా ఆడబోయే నేలను ఈ జన్మలో కర్రతో కొట్టను. బోలుగా ఉందని ఎవరినీ దిమ్మలు తెమ్మనను. ఒకవేళ చెయ్యి ఊరుకోక కర్ర తీస్తే, ముందు నా నెత్తి మీద కొట్టి చూసుకుంటాను. నిన్ననే కొట్టి చూశాను కూడా. డబ్ అంది. సుద్దతో సంతకం పెట్టి, తారీఖు వేసి, రెండు కర్రలు అడ్డం కట్టుకున్నాను.